హైదరాబాద్ నుంచి డాలస్‌కి విమానంలో: దూరం ఎంతో, నిజంగా ఎన్ని గంటలు పడుతుందో లెక్కకట్టడం ఎలా

హైదరాబాద్ నుంచి డాలస్ ఎంత దూరమో వెతికితే ఒకచోట 14,420 అని, ఇంకోచోట 8,960 అని, మరోచోట 7,790 అని కనిపిస్తుంది. మూడూ సరైనవే. మొదటిది కిలోమీటర్లు, రెండోది మైళ్లు, మూడోది విమానాల వాళ్లు వాడే నాటికల్ మైళ్లు. ఒక మైలు 1.609 కిలోమీటర్లు, ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. పక్కన యూనిట్ రాయని అంకెను నమ్మకపోవడమే మంచిది.

అసలు తికమక సమయం దగ్గర వస్తుంది. టికెట్ల సైటు తెరిస్తే అదే దూరానికి ఒక వరుసలో 22 గంటలు, దాని కింద 29, ఇంకా కింద 41 గంటలు కనిపిస్తాయి. విమానాలన్నీ దాదాపు ఒకే వేగంతో పోతాయి. మరి ఆ తేడా గంటలన్నీ ఎక్కడ పోతున్నట్టు? కాగితం, ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంటే ఈ లెక్క మీరే కట్టుకోవచ్చు. ఇక్కడ ఉదాహరణ హైదరాబాద్–డాలస్ గానీ, అంకెలు మారిస్తే ఏ రెండు ఊళ్లకైనా పద్ధతి ఇదే.

1. ముందు ఎయిర్‌పోర్టు ఏదో తేల్చుకోండి

ఊరి పేరుతో వెతికితే తప్పు ఎయిర్‌పోర్టు దొరికే ప్రమాదం ఉంది. మూడక్షరాల కోడ్‌తోనే వెతకండి. శంషాబాద్ కోడ్ హెచ్.వై.డి. 2008 మార్చిలో శంషాబాద్ మొదలైనప్పుడు ఆ కోడ్ బేగంపేట నుంచి ఇక్కడికి వచ్చేసింది, బేగంపేటకు బి.పి.ఎం. అయింది. పాకిస్తాన్‌లోని సింధ్‌లోనూ ఒక హైదరాబాద్ ఉంది, దాని కోడ్ హెచ్.డి.డి. డాలస్‌లో అయితే రెండు ఎయిర్‌పోర్టులున్నాయి. అంతర్జాతీయ విమానాలు దిగేది డాలస్–ఫోర్ట్‌వర్త్‌లో, అంటే డి.ఎఫ్.డబ్ల్యూ.లో. డి.ఏ.ఎల్. అని కనిపిస్తే అది లవ్‌ఫీల్డ్. ఊరికి దగ్గరే, కానీ అక్కడ తిరిగేవి దేశీయ విమానాలు.

తర్వాత రెండింటి అక్షాంశ రేఖాంశాలు రాసుకోండి.

శంషాబాద్: ఉత్తరం 17.2313, తూర్పు 78.4298
డాలస్–ఫోర్ట్‌వర్త్: ఉత్తరం 32.8969, పశ్చిమం 97.0381

ఇవి దశాంశాల్లో ఉన్న డిగ్రీలు. కొన్నిచోట్ల డిగ్రీలు, నిమిషాలు, సెకన్లుగా ఇస్తారు. 17 డిగ్రీల 13 నిమిషాల 53 సెకన్లను 17.1353 అని రాసేయడం చాలామంది చేసే పొరపాటు. 13ని 60తో, 53ని 3600తో భాగించి కలిపితే 17.2314 వస్తుంది. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, దానివల్ల ఎయిర్‌పోర్టు పది కిలోమీటర్లకు పైగా జరిగిపోతుంది.

2. దూరం లెక్క

గోడమీది మ్యాప్‌లో హైదరాబాద్ నుంచి డాలస్‌కి స్కేలు పెట్టి గీత గీస్తే అది అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పోతుంది. దగ్గరి దారి అది కాదు. గ్లోబు ఉంటే దారం తీసుకుని ఒక కొస హైదరాబాద్ మీద, ఇంకో కొస డాలస్ మీద బిగించి లాగండి. దారం దానంతటదే ఉత్తర ధ్రువం వైపు జారుతుంది. భూగోళం మీద రెండు చోట్ల మధ్య అతి తక్కువ దూరం అదే. దాన్ని మహావృత్త దూరం అంటారు.

లెక్కకు సూత్రం ఇది:

కొసైన్(కోణం) = సైన్(అక్షాంశం 1) × సైన్(అక్షాంశం 2) + కొసైన్(అక్షాంశం 1) × కొసైన్(అక్షాంశం 2) × కొసైన్(రేఖాంశాల తేడా)

రేఖాంశాల తేడా కట్టేటప్పుడు తూర్పుకు ప్లస్, పశ్చిమానికి మైనస్. 78.4298 నుంచి మైనస్ 97.0381 తీసివేస్తే 175.4679 వస్తుంది. తేడా 180 దాటితే 360లోంచి తీసేయాలి. ఇక్కడ దాటలేదు కాబట్టి అలాగే వాడొచ్చు.

మొదటి భాగం: 0.2962 × 0.5431 = 0.1609
రెండో భాగం: 0.9551 × 0.8397 × (–0.9969) = –0.7995
మొత్తం: –0.6386

కాలిక్యులేటర్‌లో దీనికి విలోమ కొసైన్ (cos⁻¹ బటన్) నొక్కితే 129.68 డిగ్రీలు వస్తుంది. ఒక్కో డిగ్రీకి భూమి మీద 111.195 కిలోమీటర్లు. గుణిస్తే దాదాపు 14,420 కిలోమీటర్లు.

ఈ లెక్కలో తప్పులు రెండుచోట్లే జరుగుతాయి. ఒకటి, కాలిక్యులేటర్ డిగ్రీల్లో కాకుండా రేడియన్లలో ఉండటం. సైన్ 30 నొక్కి చూడండి, 0.5 రాకపోతే సెట్టింగ్ మార్చాలి. రెండోది, పశ్చిమానికి మైనస్ పెట్టడం మర్చిపోవడం. అప్పుడు తేడా 18.6 డిగ్రీలే వచ్చి, డాలస్ హైదరాబాద్‌కి 2,550 కిలోమీటర్ల దూరంలో, టిబెట్ పీఠభూమి మీద తేలుతుంది. తమాషా ఏమిటంటే హైదరాబాద్ నుంచి దుబాయ్ కూడా దాదాపు అంతే దూరం. అందుకే ఆ అంకెను చూసి ఎవరికీ అనుమానం రాదు.

భూమి నికార్సయిన గోళం కాదు. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లయితే ధ్రువాల దగ్గర 6,357. ఈ కారణంగా పై లెక్కలో అర శాతం దాకా తేడా రావచ్చు. విమానం అసలు తిరిగే దారి ఇంతకంటే ఎక్కువే మారుతుంది కాబట్టి, ఆ అర శాతం కోసం పెద్ద సూత్రాల జోలికి పోవాల్సిన పనిలేదు. చేత్తో కట్టే ఓపిక లేకపోతే గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే సైటులో రెండు కోడ్‌లు కొడితే దూరంతో పాటు మ్యాప్ మీద వంపు గీత కూడా వస్తుంది.

ఆ గీతను ఒకసారి చూడటం మంచిది. హైదరాబాద్ నుంచి దాదాపు నిట్టనిలువుగా ఉత్తరానికి, కేవలం 5 డిగ్రీలు పడమటికి వంగి బయల్దేరుతుంది. మధ్య ఆసియా, పశ్చిమ సైబీరియా దాటి, ధ్రువానికి ఐదారు వందల కిలోమీటర్ల దగ్గరదాకా వెళ్లి, కెనడా మీదుగా టెక్సస్‌లోకి దిగుతుంది. ఇది అసలైన దగ్గరి దారి. ఈ దారిన నాన్‌స్టాప్ విమానం మాత్రం లేదు. అంత దూరం ఎగరలేక కాదు. సింగపూర్–న్యూయార్క్ విమానం 15,300 కిలోమీటర్లు ఏకబిగిన ఎగురుతుంది. హైదరాబాద్ నుంచే ఎయిర్ ఇండియా 2021 జనవరిలో చికాగోకి నాన్‌స్టాప్ మొదలుపెట్టి తర్వాత ఆపేసింది. ఎగరగలగడం వేరు, రోజూ సీట్లు నింపి, గగనతల అనుమతులతో లాభంగా నడపడం వేరు.

3. మధ్యలో ఆగే ఊరిని బట్టి దూరం

ఒక స్టాప్ ఉన్నప్పుడు రెండు ముక్కలకూ పై సూత్రం విడివిడిగా వేసి కలపాలి. మనవాళ్లు ఎక్కువగా వెళ్లే నాలుగు దారులకు వచ్చే అంకెలివి:

దోహా మీదుగా: 2,915 + 12,745 = 15,660 కి.మీ.
దుబాయ్ మీదుగా: 2,545 + 12,920 = 15,465 కి.మీ.
లండన్ మీదుగా: 7,755 + 7,625 = 15,380 కి.మీ.
ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా: 7,115 + 8,260 = 15,375 కి.మీ.

నాలుగింటిలో అతి పొడవైనదానికీ అతి చిన్నదానికీ తేడా 300 కిలోమీటర్ల లోపే. విమానానికి అది ఇరవై నిమిషాల పని. "యూరప్ మీదుగా చుట్టు, గల్ఫ్ మీదుగా దగ్గర" అనే మాట, దాన్ని తిరగేసి చెప్పే మాట, రెండూ ఇక్కడ తేలిపోతాయి. ఏ దారిన పోయినా అసలు దగ్గరి దారికన్నా ఆరు నుంచి తొమ్మిది శాతమే ఎక్కువ. కాబట్టి టికెట్ ఎంచుకునేటప్పుడు కిలోమీటర్లను పక్కన పెట్టేయొచ్చు. తేడా వచ్చేది మధ్యలో ఆగే సమయం దగ్గర, ముక్కల పంపకం దగ్గర. గల్ఫ్ దారిలో నాలుగు గంటల చిన్న విమానం, తర్వాత పదహారు గంటల పెద్దది. యూరప్ దారిలో పదేసి గంటలవి రెండు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు రెండోది తేలిక. నిద్రపోగలిగేవాళ్లకు మొదటిదే నయం.

4. దూరం నుంచి గంటలు

బోయింగ్ 777, ఎయిర్‌బస్ ఏ350 లాంటి పెద్ద విమానాలు పైన శబ్దవేగంలో సుమారు 84, 85 శాతం వేగంతో పోతాయి. ఆ ఎత్తులో మైనస్ 56 డిగ్రీల చలికి శబ్దవేగం గంటకు 1,062 కిలోమీటర్లు. అంటే గాలిలో విమాన వేగం దాదాపు 890. అయితే దూరాన్ని 890తో భాగిస్తే వచ్చేది మీ టికెట్ మీది సమయం కాదు. మూడు సవరణలు చేయాలి.

మొదటిది దారి. విమానం మహావృత్తం గీత మీదే పోదు. మూసిన గగనతలాలు, తుపాన్లు, ఇతర విమానాల రద్దీ వీటన్నిటికీ కలిపి దూరాన్ని 1.04తో గుణించండి. గొడవల ప్రాంతాల చుట్టూ తిరగాల్సి వస్తే 1.08 వేసుకోవచ్చు.

రెండోది గాలి. ఉత్తరార్ధగోళంలో పైన జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది. అమెరికా వెళ్లేటప్పుడు అది ఎదురుగాలి, వచ్చేటప్పుడు వీపుమీద తోసే గాలి. చలికాలంలో దాని ఉధృతి ఎక్కువ. వెళ్లేటప్పుడు నేలమీద కొలిచే సగటు వేగం 850, వచ్చేటప్పుడు 925 అని పట్టుకుంటే సరిపోతుంది. లండన్–డాలస్ లాంటి అట్లాంటిక్ దారికి చలికాలంలో 830 వేసుకోండి.

మూడోది నేల మీది సమయం. టికెట్ మీది గంటలు గేటు వదిలిన దగ్గర్నుంచి గేటుకు చేరేదాకా. విమానం రన్‌వేదాకా మెల్లగా పోవడం, పైకి లేవడం, కిందికి దిగడం, మళ్లీ గేటుదాకా రావడం కలిపి 35 నిమిషాలు చేర్చండి.

దోహా–డాలస్‌కి వేసి చూద్దాం. 12,745 × 1.04 = 13,255. దాన్ని 850తో భాగిస్తే 15.594. ఇది 15 గంటల 59 నిమిషాలు కాదు. 0.594ని 60తో గుణిస్తే దాదాపు 36 నిమిషాలు. 15 గంటల 36 నిమిషాలకు 35 కలిపితే 16 గంటల 11 నిమిషాలు. తిరుగు ప్రయాణానికి అదే 13,255ని 925తో భాగించి 35 నిమిషాలు కలిపితే 14 గంటల 55 నిమిషాలు. ఒకే దారి, ఒకే విమానం, గంటంపావు తేడా. ఎయిర్‌లైన్ టైమ్ టేబుల్ పక్కన పెట్టి చూస్తే ఈ లెక్క సాధారణంగా పావుగంట, ఇరవై నిమిషాల తేడాతో సరిపోతుంది. హైదరాబాద్–దోహా చిన్న ముక్కకు ఇదే పద్ధతిలో నాలుగుంపావు గంటలు వస్తుంది.

లెక్క కంటే టైమ్ టేబుల్‌లో ఎక్కువ కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. ఆలస్యాలకు ఎయిర్‌లైన్లు ముందే కొన్ని నిమిషాలు జోడించుకుంటాయి. "అనుకున్నదానికన్నా ముందే దిగుతున్నాం" అని కెప్టెన్ అనే మాటకు సగం కారణం అదే. నిజమైన అంకె కావాలంటే విమానాల జాడ చూపే ఫ్లైట్‌రాడార్24లోనో ఫ్లైట్‌అవేర్‌లోనో మీ ఫ్లైట్ నంబర్ కొట్టి, గత వారం రోజులు అది ఎప్పుడు బయల్దేరిందో, ఎప్పుడు దిగిందో చూడండి. ఒకరోజు ఆలస్యం చూసి భయపడొద్దు. వారంలో నాలుగు రోజులు ఆలస్యమైతే మాత్రం మీ కనెక్షన్‌కి, అంటే మధ్యలో విమానం మారడానికి, ఆమేరకు ఎక్కువ సమయం ఉంచుకోవాలి.

గగనతలం సంగతి టికెట్ కొనే రోజున మళ్లీ చూసుకోండి, ఎందుకంటే అది రాత్రికి రాత్రి మారుతుంది. 2022 ఫిబ్రవరి, మార్చి నెలల నుంచి చాలా యూరప్, అమెరికా ఎయిర్‌లైన్లు రష్యా మీదుగా ఎగరలేకపోతున్నాయి. భారతీయ, గల్ఫ్ ఎయిర్‌లైన్లకు ఆ నిషేధం లేదు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ విమానాలకు మూసేసింది. దాంతో అమెరికా నుంచి ఢిల్లీ వచ్చే ఎయిర్ ఇండియా విమానాలు కొన్ని ఇంధనం కోసం వియన్నాలో ఆగాల్సి వచ్చింది. అదే ఏడాది జూన్‌లో ఇరాన్ గగనతలం మూతపడింది, ఖతార్ కూడా కొన్ని గంటలు మూసింది. ఆ వారంలో దోహాలో చిక్కుకున్నవాళ్లకు 22 గంటల ప్రయాణం రెండు మూడు రోజులైంది.

5. గడియారాల లెక్క

టికెట్ మీద బయల్దేరే సమయం బయల్దేరే ఊరిది, దిగే సమయం దిగే ఊరిది. రెండింటినీ నేరుగా తీసివేస్తే తప్పు వస్తుంది. తేలికైన ఉపాయం, అన్నిటినీ భారత కాలంలోకి మార్చి ఒకే గీత మీద పెట్టడం.

మనకన్నా దుబాయ్ గంటన్నర వెనక, దోహా రెండున్నర గంటలు వెనక. ఈ రెండూ ఏడాదంతా మారవు. డాలస్ ఎండాకాలంలో 10 గంటల 30 నిమిషాలు, చలికాలంలో 11 గంటల 30 నిమిషాలు వెనక. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు. 2026లో అవి మార్చి 8, నవంబరు 1. బ్రిటన్, జర్మనీలు మాత్రం మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారాల్లో మారుస్తాయి. అంటే 2026లో మార్చి 29, అక్టోబరు 25. మధ్యలో ఉన్న ఆ మూడు వారాలు, ఆ ఒక్క వారం లండన్–డాలస్ తేడా ఆరు గంటలకు బదులు ఐదు గంటలే ఉంటుంది. ఆ రోజుల్లో పాత స్క్రీన్‌షాట్ చూసి కనెక్షన్ లెక్క వేసుకోవద్దు.

ఒక నమూనా ప్రయాణం కడదాం. సమయాలు లెక్క కోసం వేసుకున్నవి, ఏ ఎయిర్‌లైన్‌వీ కావు. కాలం ఎండాకాలం.

హైదరాబాద్‌లో తెల్లవారుజామున 3:45కి బయల్దేరి, 4:15 గంటలు ఎగిరి, మన 8:00కి దోహా చేరతారు. అక్కడి గోడ గడియారంలో 5:30. దోహాలో 8:10కి, అంటే మన 10:40కి, రెండో విమానం. మధ్యలో 2 గంటల 40 నిమిషాలు. పదహారు గంటలు ఎగిరితే మన గడియారంలో మర్నాడు వేకువన 2:40. అందులోంచి 10:30 తీసేస్తే డాలస్‌లో అదే రోజు సాయంత్రం 4:10. టికెట్ చూస్తే తెల్లారి 3:45కి ఎక్కి అదే రోజు 4:10కి దిగినట్టు, పన్నెండున్నర గంటల ప్రయాణంలా కనిపిస్తుంది. నిజంగా గడిచింది 22 గంటల 55 నిమిషాలు.

తిరుగు ప్రయాణం ఇంకా తిప్పలు పెడుతుంది. డాలస్‌లో శుక్రవారం సాయంత్రం 6:30కి బయల్దేరితే మనకు శనివారం ఉదయం 5:00. 14:45 గంటలకు దోహా, మన శనివారం రాత్రి 7:45. అక్కడ 2:50 గంటలు ఆగి 10:35కి ఎగిరితే, నాలుగు గంటలకు కాస్త తక్కువలో, ఆదివారం వేకువ 2:30కి శంషాబాద్. గడిచింది 21 గంటల 30 నిమిషాలే గానీ క్యాలెండర్‌లో రెండు తేదీలు మారాయి. టికెట్ మీద చేరే సమయం పక్కన చిన్నగా "+2" అని ఉండేది ఇదే.

గంటల లెక్క మందులకూ వర్తిస్తుంది. ఇన్సులిన్, బీపీ మాత్రలు వేసుకునే పెద్దవాళ్లు ఉంటే, పై భారత కాలపు గీతను డాక్టరుకు చూపించి ఏ గంటకు ఏది వేసుకోవాలో రాయించుకుని, ఆ కాగితం చేతి సంచిలో పెట్టండి.

6. మధ్యలో ఎంతసేపు ఉంటే మంచిది

దోహాలోనూ దుబాయ్‌లోనూ గంటంపావు కనెక్షన్లు కూడా అమ్ముతారు. అమెరికా వెళ్లేవాళ్లకు అది చాలదనే చెప్పాలి. అమెరికా విమానాలకు గేటు దగ్గర మళ్లీ పత్రాల తనిఖీ, ఒక్కోసారి సామాను తనిఖీ ఉంటాయి. బోర్డింగ్ గంట ముందే మొదలవుతుంది. మొదటి విమానం అరగంట ఆలస్యమైతే పరుగే. వీల్‌చెయిర్ తీసుకునే అమ్మానాన్నలైతే విమానం దిగాక కుర్చీ వచ్చేదాకా ఆగాలి, అందరికన్నా చివర దిగుతారు. వాళ్లకు మూడు గంటలు ఉండాలి. మామూలుగా వెళ్లేవాళ్లకు రెండు నుంచి మూడున్నర గంటలు హాయి. ఆరు గంటలు దాటితే అలసట తప్ప లాభం లేదు.

వీటిని టికెట్ కొనకముందే చూసుకోండి:

రెండు విమానాలూ ఒకే బుకింగ్ నంబరు మీద ఉన్నాయా? ఉంటే మొదటిది ఆలస్యమై రెండోది తప్పినా ఎయిర్‌లైనే తర్వాతి దాంట్లో ఎక్కిస్తుంది, సామాను డాలస్‌లోనే తీసుకోవచ్చు. చవగ్గా వస్తుందని విడివిడిగా కొంటే, తప్పిన విమానం డబ్బు పోయినట్టే. పైగా మధ్యలో సామాను తీసుకుని మళ్లీ ఇవ్వడానికి ఆ దేశపు వీసా అవసరం పడొచ్చు.

అమెరికాలోనే ఇంకో స్టాప్ ఉందా? న్యూయార్క్, చికాగో మీదుగా డాలస్ వెళితే, మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్, సామాను తీసుకోవడం, కస్టమ్స్, మళ్లీ సామాను ఇవ్వడం, మళ్లీ సెక్యూరిటీ. మూడు గంటల లోపు కనెక్షన్ తీసుకోవద్దు. అబుదాబి మీదుగా వెళ్లేవాళ్లకు ఆ ఇమిగ్రేషన్ అబుదాబిలోనే అయిపోతుంది కాబట్టి, అదనపు సమయం అక్కడ వదలాలి.

యూరప్ మీదుగా అయితే పాస్‌పోర్టులో అమెరికా వీసా ముద్ర గడువు ఉందా? హెచ్1బీ (అమెరికా ఉద్యోగ వీసా) పొడిగింపు కాగితం చేతిలో ఉండి, వీసా ముద్ర గడువు దాటినవాళ్లు ఇండియాకి వచ్చేటప్పుడు ఇక్కడే ఇరుక్కోవచ్చు. వీసా ముద్ర ఉన్నప్పుడు దొరికే ట్రాన్సిట్ మినహాయింపు (ఆ దేశపు వీసా లేకుండానే అక్కడ విమానం మారనివ్వడం) ముద్ర లేనప్పుడు దొరకకపోవచ్చు, చెక్‌ఇన్ కౌంటర్ దగ్గరే ఆపేయొచ్చు. ఆ దేశపు అధికారిక వీసా పేజీ చూశాకే కొనండి. సందేహం ఉంటే గల్ఫ్ దారి పట్టడమే తేలిక.

"డైరెక్ట్" అన్న మాటను కూడా నమ్మేయకండి. ఒకే నంబరుతో మధ్యలో ఆగి వెళ్లే విమానాన్నీ డైరెక్ట్ అనే అంటారు. ఆగనిది నాన్‌స్టాప్. సైటులో ఆ పేరుతోనే ఫిల్టర్ పెట్టాలి.

7. గడప నుంచి గడప దాకా

టికెట్ మీది 23 గంటలు ప్రయాణంలో ఒక భాగమే. అంతర్జాతీయ విమానానికి శంషాబాద్ మూడు గంటల ముందు చేరాలి. డిసెంబరు, ఆగస్టు నెలల్లో విద్యార్థులు, సెలవులవాళ్లు కలిసినప్పుడు నాలుగు గంటలు. చెక్‌ఇన్ కౌంటర్లు సాధారణంగా బయల్దేరే సమయానికి గంట ముందు మూసేస్తారు. కూకట్‌పల్లి, మియాపూర్ వైపు నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా గంట వేసుకోండి. విజయవాడ నుంచి కారులో వచ్చేవాళ్లు పెద్ద అంబర్‌పేట దగ్గరే ఔటర్ ఎక్కితే ఊళ్లోకి రాకుండా శంషాబాద్ చేరొచ్చు. అయినా ఐదారు గంటలు పడుతుంది. సంక్రాంతి రోజుల్లో టోల్‌గేట్ల దగ్గర వరసలకు ఇంకో రెండు గంటలు కలపాలి.

అవతల డాలస్‌లో ఇమిగ్రేషన్, సామానుకు గంటన్నర. ఒకే సమయంలో రెండు మూడు పెద్ద విమానాలు దిగితే రెండున్నర. అక్కడి నుంచి ఇర్వింగ్ అయితే ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు. ఫ్రిస్కో, ప్లేనో అయితే ముప్పావు గంట దాకా, సాయంత్రం ట్రాఫిక్‌లో ఇంకా ఎక్కువ. నమూనా ప్రయాణానికి ఇవన్నీ కలిపితే మియాపూర్ గుమ్మం నుంచి ఫ్రిస్కో గుమ్మానికి 29 గంటలు. విజయవాడ నుంచి బయల్దేరితే 34.

వాతావరణం కూడా లెక్కలో ఉండాలి. టెక్సస్‌లో మార్చి నుంచి జూన్ దాకా ఉరుముల వానలు వస్తే డాలస్ విమానాలను హ్యూస్టన్‌కో ఆస్టిన్‌కో మళ్లిస్తారు. జనవరి, ఫిబ్రవరిల్లో మంచు వాన పడితే రోజంతా రద్దవుతాయి. ఢిల్లీ మీదుగా వెళ్లేవాళ్లకు డిసెంబరు, జనవరి పొగమంచు పెద్ద బెడద. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి దూరం 1,270 కిలోమీటర్లే అయినా, ఆ నెలల్లో తెల్లవారుజామున దిగే విమానం పట్టుకుని రెండు గంటల కనెక్షన్ పెట్టుకోవడం జూదమే. ముందు రాత్రి విమానం తీసుకోండి.

8. తేదీ తప్పులు

అర్ధరాత్రి దాటాక బయల్దేరే విమానాల దగ్గర ఏటా కొందరికి విమానం తప్పిపోతుంది. టికెట్ మీద "15వ తేదీ, 00:40" అని ఉంటే ఇంట్లోంచి బయల్దేరాల్సింది 14వ తేదీ సాయంత్రం. 15 రాత్రి వెళితే విమానం వెళ్లిపోయి దాదాపు రోజవుతుంది. ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పేటప్పుడు "శనివారం రాత్రి భోజనం చేసి బయల్దేరాలి" అని వారం పేరుతో చెప్పండి, తేదీతో కాదు.

మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం ఎయిర్‌లైన్లు కొత్త టైమ్ టేబుళ్లు అమలు చేస్తాయి. ఆరు నెలల ముందు కొన్న టికెట్ అయితే ఆ తేదీల తర్వాత ఒకసారి, బయల్దేరే వారంలో ఇంకోసారి సమయాలు సరిచూసుకోండి. మార్పు మెయిల్ ఏజెంటుకు వెళ్లి ఆగిపోవడం మామూలే. బుకింగ్ నంబరుతో ఎయిర్‌లైన్ యాప్‌లో మీరే చూడాలి. కనెక్షన్ సమయం మరీ కుదించుకుపోతే డబ్బు కట్టకుండానే వేరే విమానానికి మార్చమని అడగొచ్చు. చాలా ఎయిర్‌లైన్లు మారుస్తాయి.

తీసుకురావడానికి వచ్చేవాళ్లకూ ఇదే చిక్కు. పైన చూసిన తిరుగు ప్రయాణంలో విమానం దిగేది "ఆదివారం 2:30". ఇంట్లోవాళ్లు ఆదివారం మధ్యాహ్నమనో, ఆదివారం రాత్రనో అనుకుని తీరిగ్గా ఉంటారు. శనివారం రాత్రి పన్నెండు దాటాక కారు తీయాలని చెప్పి, ఫ్లైట్ నంబర్ వాట్సాప్‌లో పంపండి. అదీ దోహా–హైదరాబాద్ విమానం నంబర్. డాలస్–దోహా నంబర్ పంపితే అది శనివారం సాయంత్రమే దిగిపోయినట్టు చూపించి, ఇక్కడ అందరినీ హడలగొడుతుంది.